రిమార్కుల గడి

తొమ్మిదో తరగతిలో మూడో బెంచీ పిల్ల లేచి నిలబడింది గానీ పాఠం చదవలేదు. పుస్తకం తెరిచే ఉంది. పేజీ కూడా సరైనదే. సోషల్ టీచరు రెండుసార్లు మామూలుగా చెప్పింది. మూడోసారి గొంతు పెంచింది.

“చదవను టీచర్,” అంది పిల్ల.

పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ‘రాదు’ అన్నవాళ్ళని, ‘పుస్తకం తేలేదు’ అన్నవాళ్ళని ఆమె చాలామందిని చూసింది. ‘చదవను’ అన్న మాట వినడం అదే మొదలు. ఒళ్ళు మండిపోయింది.

ఆమెను పిల్లలు వెనకాల ‘తేదీలమ్మ’ అంటారు. పెళ్ళికి పిలిస్తే ఏ రోజు అని కాదు, ఏ శతాబ్దం అని అడుగుతుందని వాళ్ళ జోకు. తేదీలు, కారణాలు, ఫలితాలు, ఖాళీలు పూరింపుము. ఆమె క్లాసు అలాగే నడిచేది. ఫలితాలు బాగానే వచ్చేవి కాబట్టి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఆ రోజు పాఠం అసలు పాఠ్యపుస్తకంలోది కాదు. ‘మన ఊరు - మన చరిత్ర’ అని ముప్పై రెండు పేజీల చిన్న పుస్తకం ఒకటి ఉంది. ఆరేళ్ళ క్రితం హెడ్మాస్టరు రాసి అచ్చువేయించాడు. అందరూ ఆయన్ని పెద్దసారు అంటారు. తొమ్మిదో తరగతికి అది తప్పనిసరి. అందులో ఏడో పాఠం బట్టల మిల్లు గురించి. మిల్లు ఎవరు పెట్టారు, ఎంతమందికి అన్నం పెట్టింది, బడికి భవనం ఎలా కట్టించి ఇచ్చింది, అన్నీ ఉన్నాయి. చివర ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి పేలుడు గురించి ఒక పేరా: ఒక తెల్లవారుజామున బాయిలరు ఆపరేటరు మద్యం మత్తులో నిద్రపోవడం వల్ల బాయిలరు పేలి అతనితో కలిపి తొమ్మిది మంది కార్మికులు చనిపోయారని.

“ఎందుకు చదవవు?”

వెనక బెంచీ నుంచి ఎవరో “బాయిలరూ, చదవవే,” అన్నారు. క్లాసంతా కిసుక్కుమంది. ఆ పిల్లకి ఆ పేరు ఎప్పటినుంచో ఉంది. ముక్కు మీద కోపం కాబట్టి పెట్టారనుకుంది టీచరు. స్టాఫ్ రూములో ఒకసారి తనూ ఆ పేరు చెప్పి నవ్వించింది.

“అది అబద్ధం టీచర్. ఆయన మా తాత. మా తాత తాగడు.”

“నీకెవరు చెప్పారు?”

“మా నానమ్మ.”

“నానమ్మలు చెప్పిందల్లా చరిత్రయితే ఇంక పుస్తకాలెందుకు? ఆధారం ఉంటే పట్టుకురా. లేకపోతే మాట్లాడకుండా చదువు.”

పిల్ల చదవలేదు. టీచరు ఆమెను గంట కొట్టేదాకా నిలబెట్టే ఉంచింది. ఆ పేరా ఇంకొకళ్ళు చదివారు, ఆ పిల్ల నిలబడి వింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ ఆ పిల్ల స్టాఫ్ రూముకి వచ్చింది. గుడ్డసంచీలోంచి పొడుగాటి అట్ట రిజిస్టరు ఒకటి తీసి, టీచరు టిఫిన్ డబ్బా పక్కన పెట్టింది.

“ఆధారం,” అని వెళ్ళిపోయింది.

టీచరు చెయ్యి కడుక్కుని వచ్చి అట్ట తెరిచింది. బాయిలరు గదిలో రాత్రి షిఫ్టు వాళ్ళు గంటగంటకీ రాసే లాగ్ పుస్తకం. పేజీ పొడుగునా గడులు. గంట, ఆవిరి ఒత్తిడి, నీటి మట్టం, చివర రిమార్కులు. ప్రతి గంటకీ ఒక వరస, గుండ్రటి చేతిరాత. మొదటి పేజీల్లో రిమార్కుల గడి ఖాళీగానే ఉంది. ఆఖరి మూడు వారాల్లో మాత్రం నిండిపోయింది.

‘సేఫ్టీ వాల్వు బిగుసుకుపోయింది. ఫోర్‌మన్‌కి చెప్పాను.’ రెండు రోజుల తర్వాత, ‘వాల్వు అలాగే ఉంది. మళ్ళీ చెప్పాను.’ ఇంకో నాలుగు రోజులకి, ‘ఒత్తిడి ఎక్కువైతే ఆవిరి బయటికి పోయే దారి లేదు. మేనేజరు గారికి చెప్పాను. ఆర్డరు పూర్తయ్యేదాకా బాయిలరు ఆపడం కుదరదన్నారు.’ అలాంటివి పదకొండు. ప్రతి పేజీ అడుగున ఎర్ర సిరాతో ఫోర్‌మన్ పొట్టి సంతకం, పక్కన ‘చూశాను’ అని.

ఆఖరి పేజీలో, ‘ఈ పుస్తకం బాయిలర్ల ఇన్‌స్పెక్టరు గారికి చూపిస్తాను’ అని ఉంది. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ.

టీచరు డబ్బా మూత పెట్టేసింది. ఆరేళ్ళుగా, ఏడాదికి నలభై మంది చొప్పున, ఆ పేరా తను చదివించింది. ‘బాయిలరు పేలుడుకు కారణమేమి?’ అని ఒక మార్కు ప్రశ్న ఇచ్చింది. ‘ఆపరేటరు మద్యం మత్తు’ అని రాసినవాళ్ళకి మార్కు వేసింది. ఆ పిల్ల తండ్రి కూడా ఆ పుస్తకం చూసే ఉంటాడు. ముందు తన మీద తనకి అసహ్యం వేసింది. కాసేపటికి అది ఇంకెవరెవరి మీదకో పాకింది.

సాయంత్రం పిల్లని ఆపి అడిగింది. “ఇది మీ ఇంటికెలా వచ్చింది?”

“ఆ రోజు పొద్దున డ్యూటీ దిగినప్పుడు తాత తెచ్చాడంట టీచర్. ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి వెళ్తే ఆయన ఊళ్ళో లేడంట. మర్నాడు వెళ్దామని ఇంట్లో పెట్టి రాత్రి డ్యూటీకి వెళ్ళాడు. తెల్లారేసరికి పేలింది.”

“మీ నానమ్మ ఎవరికీ చూపించలేదా?”

“మిల్లు గేటు దాకా తీసుకెళ్ళిందంట. లాగ్ పుస్తకం కనపడట్లేదు, ఆపరేటరు అసలు రాయనే లేదు, తాగి పడుకున్నాడు అని అప్పటికే చెప్పేశారు. పుస్తకం మీ ఇంట్లో ఉంటే దొంగతనం కింద లోపలేస్తాం అన్నారంట ఎవరో. సంచీలోంచి తియ్యకుండానే వెనక్కొచ్చేసింది. అప్పటినుంచీ పెట్టెలోనే.”

“నేను దీంతో పాఠం చెప్పనా?”

“చెప్పండి,” అంది పిల్ల వెంటనే. అందుకే తెచ్చింది.

నానమ్మని అడగాలన్న ఆలోచన టీచరుకి ఆ క్షణాన రాలేదు. కోపంలో ఉంది. నాలుగు పేజీలు జిరాక్సు తీయించి, అసలు పుస్తకం ఆ సాయంత్రమే పిల్ల చేతికిచ్చి పంపేసింది.

చరిత్ర మూలాధారాలతో పాఠం ఎలా చెప్పాలో ఆమెకి ఒకప్పుడు మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. అక్కడ కూర బాగుండేదన్న సంగతి తప్ప ఇంకేమీ గుర్తులేదు. బీరువా అడుగున ఆ శిక్షణలో ఇచ్చిన కాగితాలు వెతికి, దుమ్ము దులిపి చదివింది. ఆదివారం లైబ్రరీకి వెళ్ళి ముప్పై ఎనిమిదేళ్ళ నాటి పేపర్ల కట్ట దింపించింది. పేలుడు మర్నాటి పేపరు దొరికింది. మిల్లు వాళ్ళు ఆ తర్వాత రెండేళ్ళకి వేసిన రజతోత్సవ సంచిక కూడా దొరికింది. పెద్దసారి పుస్తకంలోని పేరా ఆ సంచికలోంచి అక్షరం పొల్లు పోకుండా దిగినదే.

మంగళవారం క్లాసులో ఆమె పాఠం పేరు చెప్పలేదు. నలభై రెండు మందిని ఏడు గుంపులు చేసింది. ఒక్కో గుంపుకి ఒక్క కాగితమే. నాలుగు గుంపులకి లాగ్ పేజీలు, ఒకరికి పేపరు ముక్క, ఒకరికి సంచిక పేజీ, ఒకరికి చిన్న పుస్తకంలోని పేరా. బోర్డు మీద మూడు ప్రశ్నలు రాసింది. ఇది ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఎవరు చదవాలని రాశారు?

“జవాబు నేను చెప్పను. పదిహేను నిమిషాలు కాగితాన్ని చూడండి, ఏం కనపడుతోందో రాయండి. అనుకున్నది రాయకండి, కనపడింది రాయండి.”

మొదట్లో గోల. తేదీలమ్మకి ఏమైందని గుసగుసలు. తర్వాత ఒక్కో గుంపూ కాగితం మీదకి వంగింది. పేపరు ముక్క అందిన గుంపులోంచి ఒకమ్మాయి చెయ్యెత్తింది.

“టీచర్, పేలింది తెల్లవారుజామున నాలుగున్నరకి అని ఉంది. పోలీసులు విచారిస్తారు అని కూడా ఉంది. మరి విచారించకముందే తాగి ఉన్నాడని ఎలా రాశారు?”

“ఎవరు చెప్పారని రాశారు?”

అమ్మాయి మళ్ళీ చదివింది. “మిల్లు మేనేజరు తెలిపారు.”

లాగ్ పేజీ పట్టుకున్న గుంపులో ఒకడు, ఎప్పుడూ నిద్రపోయేవాడే, కాగితాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి చూస్తున్నాడు. “పేలడానికి ముందు రాత్రి కూడా రెండు, మూడు, నాలుగు. అన్ని గంటలకీ రాశాడు టీచర్. రాత కూడా వంకర పోలేదు. తాగినోడు ఇంత గుండ్రంగా రాస్తాడా?”

ఒకరిద్దరు నవ్వారు. క్లాసు లీడరు నవ్వలేదు. వాడికి ప్రతిదానికీ అడ్డం తిరగడం అలవాటు. “ముందే ఏదో ఒక రోజు కూర్చుని మొత్తం ఒకేసారి రాసుండచ్చు కదా టీచర్? రేపేమైనా అయితే తప్పు తన మీదకి రాకుండా?”

మూడో బెంచీ పిల్ల చివాలున లేవబోయింది. టీచరు ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

“మంచి ప్రశ్న. అడగాల్సిందే. కాదని ఎలా చెప్తారు? కాగితంలో చూపించండి.”

లాగ్ పేజీలు అందిన నాలుగు గుంపులూ వాటిని పక్కపక్కన పెట్టి చూశాయి. లీడరే మెల్లగా చెప్పాడు. “ఇంకో చేతిరాత ఉంది. అడుగున. ‘చూశాను’ అని. నాలుగు పేజీల్లోనూ ఉంది. ఒక్కరోజే తనే రాసుకునుంటే ఈ సంతకం పెట్టిందెవరు?”

“ఎవరిదది?” “ఫోర్‌మన్‌ది అయ్యుంటుంది.” “అంటే వాళ్ళకి ముందే తెలుసు.” “తెలిసీ ఆపలేదు.”

గుంపులు విడిపోయి అందరూ ఒకరి కాగితాలు ఒకరు లాక్కుని చదువుతున్నారు. మొన్న వెనక బెంచీ నుంచి ‘బాయిలరూ’ అని అరిచిన కుర్రాడు అన్నీ చదివి మూడో బెంచీ వైపు చూడలేక తల దించుకున్నాడు. ఆ పిల్ల మాత్రం బోర్డు వంక చూస్తూ కూర్చుంది. ఏడవలేదు.

పిల్లల నోళ్ళు ఆగుతాయా. రాత్రికల్లా ఊరంతా పాకింది. బుధవారం పొద్దున మొదటి పీరియడు కాకముందే టీచరుకి పెద్దసారి గదినుంచి పిలుపు వచ్చింది.

“మిల్లు ఆఫీసునుంచి ఫోనొచ్చింది టీచర్ గారూ. సిలబస్ చెప్పమంటే మీరు విచారణ కమిషన్ పెట్టారంట.”

“సిలబస్సే చెప్పాను సార్. మీ పుస్తకంలో ఏడో పాఠం.”

“పదిహేనో తారీఖున రెండో ముద్రణ విడుదల. చైర్మన్ గారు వస్తున్నారు. ఆ జిరాక్సులన్నీ వెనక్కి తీసుకుని నాకివ్వండి. అసలు పుస్తకం మిల్లు ఆస్తి. అదీ ఇప్పించండి.”

“మీరు ఆ పేరా ఎక్కడినుంచి తీసుకున్నారు సార్?”

“సంచికలోంచి. అచ్చులో ఉంది కదా.”

“సంచిక ఎవరు అచ్చేశారు?”

ఆయన మొహం ఎర్రబడింది. “నన్ను తొమ్మిదో తరగతిలో కూర్చోబెట్టారా మీరు?”

“కూర్చుని ఉంటే ఆ వాక్యం రాసుండేవారు కాదు,” అంది టీచరు. ఆ మాట అన్నాక ఆమెకి సిగ్గేసింది. అన్నందుకు కాదు, ఆరేళ్ళు అనకుండా ఉన్నందుకు.

అంతలో గుమ్మం దగ్గర అటెండరు ఎవరినో ఆపుతున్నాడు. ఆపలేకపోయాడు. అరవై దాటిన మనిషి, పొట్టిగా ఉంది, చంకలో గుడ్డసంచీ. వెనకాలే మూడో బెంచీ పిల్ల బిక్కమొహం వేసుకుని వచ్చింది.

“సోషల్ టీచరు ఎవరు? నువ్వేనా?”

“నేనేనమ్మా.”

“ఏమ్మా, నా మొగుడి చేతిరాత వీధిలో పంచిపెట్టడానికి నీకెవరు చెప్పారు? నలభై మంది పిల్లల చేతుల్లో పెడతావా? ఇది నా పెట్టెలోంచి తీసింది, చిన్నది, తెలీక. నువ్వు చదువుకున్నదానివి కదా. ఒక్కసారి మా ఇంటికొచ్చి అడిగావా?”

టీచరు ఆమెకి ఎదురుగా వచ్చి నిలబడింది. “అడగలేదమ్మా. తప్పే.”

పెద్దసారి మొహం తేటపడింది. “చూశారా టీచర్ గారూ. వాళ్ళకే ఇష్టం లేదు. కూర్చోండమ్మా. మీరేం భయపడకండి. ఆ పుస్తకం ఇలా ఇచ్చేయండి, నేను మిల్లువాళ్ళకి చేరుస్తాను. మీ మీదకి ఏ గొడవా రాకుండా నేను చూసుకుంటాను.”

ముసలామె కూర్చోలేదు. ఆయన్ని తేరిపార చూసింది.

“నువ్వేనా ఆ చిన్న పుస్తకం రాసింది?”

“ఆఁ, నేనే.”

“నా మొగుడు తాగుబోతని రాశావు.”

“నా దగ్గరున్న ఆధారాన్ని బట్టి...”

“మా ఇల్లు ఈ బడికి ఎంత దూరం? మూడు వీధులు. నా కొడుకు ఇక్కడే చదివాడు. మనవరాలు ఇక్కడే చదువుతోంది. రాసేముందు నువ్వొచ్చి తలుపు కొట్టావా? చచ్చినవాడు లేచొచ్చి అడగడులే అనుకున్నావా?”

“అలా కాదమ్మా...”

ఆమె సంచీలోంచి రిజిస్టరు తీసింది. ఆయన చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. బల్ల మీద తెరిచి పెట్టి, రెండు చేతులతో పేజీలు అదిమిపట్టుకుంది.

“నాకు చదువు రాదు. నా కొడుకు చదివి చెప్తే విన్నాను. నువ్వు పెద్ద పంతులివి. నువ్వు చదువు. గట్టిగా చదువు, నేను వింటాను.”

“ఇప్పుడెందుకమ్మా...”

“చదువు.”

గుమ్మంలో అటెండరు, అతని వెనక ఇద్దరు టీచర్లు నిలబడి ఉన్నారు. పెద్దసారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆయనది ప్రార్థన వేళ మైకు అక్కర్లేని గొంతు. మొదటి రిమార్కు ఆ గొంతుతోనే చదివాడు. మూడోదానికి గొంతు తగ్గింది. మేనేజరు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి పెదాలు కదులుతున్నాయి గానీ మాట బయటికి రాలేదు. ముసలామె వేలు అక్కడే పెట్టి ఉంచింది.

“ఆగావేం? చదువు.”

ఆయన చదివాడు. పదకొండూ చదివాడు. చివర కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆమె పుస్తకం మూసి సంచీలో పెట్టుకుంది. “ఇది దొంగతనమైతే నన్ను పట్టించు. ఇన్నాళ్ళు దానికే భయపడ్డాను. ఇంక నా వల్ల కాదు.”

పెద్దసారు ఎవరికీ ఫోను చెయ్యలేదు. అలాగని ధైర్యమూ చెయ్యలేదు. పదిహేనో తారీఖున రెండో ముద్రణ విడుదలైంది. చైర్మన్ వచ్చాడు, శాలువా కప్పించుకున్నాడు. ఏడో పాఠంలో చివరి పేరా మారింది. ‘దురదృష్టవశాత్తు సంభవించిన ప్రమాదంలో తొమ్మిది మంది మరణించారు’ అని. పాము చావకుండా, కర్ర విరగకుండా. టీచరు ఆ వాక్యం చదివి పుస్తకాన్ని బల్ల మీదకి విసిరేసింది. అబద్ధం చెప్పినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ మండింది. మర్నాడు ఆమెని తొమ్మిది, పది తరగతుల నుంచి తీసేసి ఆరో తరగతికి వేశారు. కారణం రాయలేదు.

ఆమె ముసలామె ఇంటికి వెళ్ళింది. ఈసారి అడగడానికే వెళ్ళింది. “ఈ పుస్తకాన్ని రికార్డుల ఆఫీసులో పెట్టిద్దాం. అక్కడ పెడితే ఎవరూ మాయం చెయ్యలేరు. కావాల్సినవాళ్ళు ఎవరైనా అడిగి చూడచ్చు. కానీ మీరు ఒప్పుకుంటేనే.”

నానమ్మ రెండు వారాలు ఒప్పుకోలేదు. మూడో వారం కబురు పంపింది. ముగ్గురూ బస్సెక్కి పెద్ద ఊరికి వెళ్ళారు. అక్కడి గుమాస్తా ఒక ఫారం ముందు పెట్టుకుని, రిజిస్టరు పేజీలు లెక్కపెట్టి, “ఇది మీకెలా వచ్చింది?” అని అడిగాడు. నానమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుంది. పిల్ల జవాబు చెప్పింది.

“మా తాత ఇన్‌స్పెక్టరుకి ఇవ్వడానికి తెచ్చాడు. ఇప్పుడు ఇస్తున్నాం.”

గుమాస్తా తలెత్తి ఆ ముగ్గురినీ చూశాడు. అలాగే రాసుకున్నాడు. ఒక నంబరు వేసి రసీదు ఇచ్చాడు.

టీచరు ఆ నంబరుతో పెద్దసారికి అర్జీ పెట్టింది. ఫలానా నంబరు రికార్డు ప్రకారం ఏడో పాఠం సవరించాలి అని. ఆయన ఫైల్లో పెట్టాడు. తర్వాతి సోమవారం మళ్ళీ పెట్టింది. ఆ తర్వాతి సోమవారం కూడా. తొమ్మిదో అర్జీ నాటికి తొమ్మిదో తరగతి పిల్లలు నలభై రెండు మందీ కింద సంతకాలు చేశారు, క్లాసు లీడరుది అన్నిటికంటే పెద్దగా ఉంది. పెద్దసారు కారిడార్‌లో ఆమె ఎదురైతే పక్కకి తప్పుకునేవాడు.

ఆయన మార్చి నెలాఖరున రిటైరవుతున్నాడు. దానికి నాలుగు రోజుల ముందు టైపు చేయించిన చీటీల కట్ట ఒకటి తెచ్చాడు. ‘సవరణ’ అని పైన. బాయిలరు సేఫ్టీ వాల్వు పనిచెయ్యడం లేదని ఆపరేటరు మూడు వారాల్లో పదకొండు సార్లు రాతపూర్వకంగా తెలియజేశాడని, యాజమాన్యం బాయిలరు ఆపలేదని, మొదటి ముద్రణలో రాసినది తప్పని, కింద రికార్డు నంబరు, ఆయన సంతకం. బడి లైబ్రరీలో మిగిలిన మూడు వందల ప్రతుల్లో పిల్లలచేత అంటించమని అటెండరుకి చెప్పాడు.

అటెండరు తొమ్మిదో తరగతి పిల్లల్ని స్టాఫ్ రూములో పెద్దసారి దగ్గరికి పిలుచుకొచ్చాడు. మూడో బెంచీ పిల్ల చీటీ తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. మళ్ళీ కట్ట మీద పెట్టేసింది.

“మేం అంటించం సార్. రాసినవాళ్ళే అంటించాలి.”

అటెండరు నాలిక్కరుచుకున్నాడు. పెద్దసారు కోటు విప్పి కుర్చీ వెనక వేసి, గోందు సీసా దగ్గరికి లాక్కున్నాడు.

మూడు రోజులు పట్టింది. సాయంత్రం బడి వదిలాక స్టాఫ్ రూములో కూర్చుని ఒక్కో పుస్తకం తెరిచి అంటించేవాడు. చీటీ వంకరగా పడితే తీసి మళ్ళీ పెట్టేవాడు. టీచరు అదే గదిలో రెండో బల్ల దగ్గర ఆరో తరగతి నోట్సులు దిద్దుకుంటూ ఉండేది. సాయం చెయ్యలేదు, చెయ్యాలనిపించలేదు. ఆయన కూడా అడగలేదు.

మూడో రోజు గోందు గట్టిపడిపోయింది. “కాస్త నీళ్ళుంటాయా టీచర్ గారూ?” అన్నాడు. ఆమె తన సీసా ఆయన బల్ల మీద పెట్టి, వెళ్ళి తన నోట్సుల ముందు కూర్చుంది. ఇంకా నలభై ప్రతులున్నాయి.